ఛాతీలో దాగిన దుమ్ము: ఒక ఎక్స్‌రే టెక్నీషియన్ అనుభవాలు

ఎక్స్‌రే తీసినవాడి ముఖం ఎవరికీ గుర్తుండదు. డాక్టరు గుర్తుంటాడు, సూది వేసిన సిస్టరు గుర్తుంటుంది. మేము చొక్కా విప్పమని, ప్లేటుకు ఆనుకొమ్మని, కదలొద్దని చెప్పే గొంతు మాత్రమే. ముప్పై మూడేళ్లు ఆ గొంతుగా బతికి, రెండేళ్ల కింద రిటైరయ్యాను. బాధేమీ లేదు. మళ్లీ పుడితే మళ్లీ ఇదే పని ఇమ్మంటాను.

నేను సిరిసిల్లలో పుట్టాను. మా నాయన మొదట చేతిమగ్గం నేసి, తర్వాత కరెంటు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. నా ఉద్యోగమంతా కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కలే గడిచింది. ఏ ఆసుపత్రి, ఏ సంవత్సరం అన్నది మాత్రం రాయను. నాతో పనిచేసినవాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. పైగా, చెప్పబోయే తప్పులు ఎక్కువగా నావే.

మొన్న ఎక్స్‌రే కోర్సు చదువుతున్న ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, "సార్, గీ పని ఎట్లుంటది? మాకు పనికొచ్చేటియి ఏమన్న చెప్పుండ్రి" అన్నారు. కొత్త మిషన్ల గురించి నాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. సీనియారిటీ లిస్టుల గురించి చెబితే నిద్రపోతారు. అందుకని రాజలింగం గురించి చెప్పాను. చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను.

మరక అనుకున్నాను

రాజలింగం కోరుట్ల దగ్గరి పల్లెటూరి రైతు. యాభై అయిదేళ్లుంటాయి. పసుపు, మక్కజొన్న వేస్తాడు. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేవాడు. ఎక్స్‌రే గదిలోకి వచ్చిన రోజు చొక్కా బొత్తాలు విప్పుకోవడానికే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"ఎన్ని రోజులాయె అన్నా గిట్లయ్యి?" అని అడిగాను.

"రెండు నెలలాయె సార్. పసుపు సంచి ఎత్తంగనే దమ్ము వస్తున్నది. పొడి దగ్గు. ఈ కుడి బుజం కింద గుంజుతున్నది."

ఫిల్మ్‌లో కుడివైపు కింద కొంచెం నీరు కనిపించింది. అది ఎవరికైనా కనిపిస్తుంది. నా కన్ను ఎడమవైపు ఆగింది. ఛాతీకీ పొట్టకూ మధ్య గుమ్మటంలా వంగి ఉండే డయాఫ్రం మీద, సుద్దముక్కతో గీసినట్టు ఒక పొట్టి తెల్లగీత ఉంది. ఫిల్మ్ పెట్టే పలుచటి పెట్టెను మేం క్యాసెట్ అంటాం, దాంట్లో దుమ్ము పడిందనుకున్నాను. దుమ్ము పడితే అలాంటి మరకలు రావడం మాకు మామూలే. ఇంకో క్యాసెట్ పెట్టి మళ్లీ తీశాను. గీత అక్కడే ఉంది, అంతే పొడుగు, అదే వంపు.

క్యాసెట్ మార్చినా మరక పోలేదంటే దుమ్ము క్యాసెట్‌లో లేదు, మనిషి లోపల ఉంది. ఈ వాక్యం ఇప్పుడు సులువుగా రాస్తున్నాను. ఆ రోజు బయట బెంచీ మీద ఇంకా పాతిక మంది కూర్చున్నారు. ఫిల్మ్ కవరులో పెట్టి పంపించేశాను.

ఎవరికీ చెప్పకపోవడానికి బిజీ ఒక్కటే కారణం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పైన ఒక పెద్దసారు ఉండేవాడు. పని నేర్పడంలో ఆయనంతటివాడు లేడు. రోగిని ఎట్లా నిలబెట్టాలో, ముసలివాళ్ల భుజాలు నొప్పి పుట్టకుండా ఎట్లా తిప్పాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఒకసారి ఒక ఫిల్మ్‌లో పక్కటెముక విరిగినట్టుందని డాక్టరుతో అన్నందుకు నన్ను పక్కకు పిలిచి, "నీ పని ఫొటో తీసుడు. చూసుడు వాళ్ల పని. నోరు తెరిస్తే నౌకరీ పోతది" అన్నాడు. ఆ మాట ఇరవై ఏళ్లకు పైగా నా నోటికి తాళంలా ఉండిపోయింది. ఆయన మంచివాడే. ఆ మాట మాత్రం తప్పు.

ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరు రాజలింగం ఛాతీలోంచి నీరు తీసి పరీక్షకు పంపాడు. టీబీ క్రిములు దొరకలేదు. అయినా టీబీ గోలీలే మొదలుపెట్టాడు. దానికి ఆయనను తప్పుపట్టను. మన దగ్గర ఛాతీలో నీరు చేరితే ముందు టీబీయే అనుమానిస్తారు, చాలాసార్లు అదే నిజమవుతుంది కూడా. రాజలింగం ఒక్కపూట తప్పకుండా మింగాడు. కళ్లు పచ్చబడ్డాయి, అన్నం సయించలేదు. నాలుగు నెలల తర్వాత మళ్లీ నా గదికి వచ్చినప్పుడు భార్య భూలక్ష్మి చెయ్యి పట్టుకొని నడిపించింది. ఈసారి కుడివైపు సగం ఛాతీ తెల్లగా ఉంది.

చేతులతోని ఏం చేసేది?

అప్పటికి మా ఆసుపత్రికి ఛాతీ డాక్టరుగా సుజాత మేడం వచ్చి నెలైంది. నలభై ఏళ్లుంటాయి, తక్కువ మాట్లాడుతుంది, రోగి చెప్పేదాకా ఆగుతుంది. మా దగ్గర ఆ అలవాటు అరుదు. ఫిల్మ్ ఇవ్వడానికి నేను ఆమె గదికి వెళ్లినప్పుడు రాజలింగం ముందు కూర్చొని ఉన్నాడు.

"ఏం పని చేస్తవు రాజలింగం?" అని అడిగింది.

"ఎవుసం మేడం."

"అంతకుముందు?"

"గల్ఫ్ పోయిన. ఆరేండ్లున్న."

"అక్కడ ఏం పని?"

"కంపెనీల మేడం."

మనలో ఎవరైనా అక్కడ ఆపేస్తారు. కోరుట్ల, జగిత్యాల ప్రాంతంలో గల్ఫ్ అంటే ఇంక వేరే వివరం అక్కర్లేదు, ఇంటికొకరు పోయినవాళ్లే. మేడం ఆపలేదు.

"కంపెనీల అంటే? పొద్దున లేచి పోయి, చేతులతోని ఏం చేసేది?"

రాజలింగం కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ల కిందటి పని గురించి అతన్ని ఎవరూ అడిగి ఉండరు.

"ఓడలు బాగుజేసే కాడ మేడం. లోపట ఇంజను కాడ పైపులుంటయి గద. వేడి తగల్కుంట వాటికి తెల్లగ, మందంగ చుట్టి ఉంటది. గా పాతది ఊడబెరికి కొత్తది కట్టేది."

"ఊడబెరికితే దుమ్ము లేచేదా?"

"లేచుడా? పక్కన మనిషి కనవడకపోయేది. పిండి గిర్నీల ఉన్నట్టే. పొద్దుమీకి మేమంత తెల్లగయ్యి, ఒకలను చూసి ఒకలం నవ్వుకునేటోళ్లం."

"మాస్క్ ఇయ్యలేదా?"

"తువ్వాల కట్టుకునేటోళ్లం. ఉడుకపోస్తే గది గూడ తీసేసేది."

మేడం పెన్ను కింద పెట్టింది. నా వైపు తిరిగి పాత ఫిల్మ్ ఉందా అని అడిగింది. తెచ్చి లైటు పెట్టె మీద పెట్టి, ఆమె చెప్పకముందే ఆ తెల్లగీత మీద వేలు పెట్టాను. "ఇది అప్పుడే చూసిన మేడం. మరకనుకొని రెండోసారి తీసిన. రెండో దాంట్లో కూడా ఉండె. చెప్పలే" అన్నాను. 

రోగి ముందు ఆమె ఫిల్మ్‌ను కవరులో పెట్టేసింది. ఓపీ అయిపోయాక పిలిచి కూర్చోమంది. ఒక చీటీ వెనక బొమ్మ గీస్తూ చెప్పింది. పైపులకు చుట్టినది ఆస్బెస్టాస్. రాయిలోంచి తీసే నార అది. వెంట్రుక కన్నా ఎంతో సన్నని పోగులుగా విడిపోయి గాలిలో తేలుతుంది, ఊపిరితో లోపలికి పోతుంది. శరీరం దాన్ని కరిగించలేదు, బయటికి పూర్తిగా పంపలేదు. ఏళ్ల తరబడి ఆ పోగుల చుట్టూ గాయం మానుతూ, మళ్లీ రేగుతూ ఉంటుంది. కొందరికి ఛాతీ లోపలి పొర మీద గట్టి మచ్చలు మాత్రమే మిగులుతాయి. నేను చూసిన గీత అదే. కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. కొందరికి ఊపిరితిత్తుల్లో, ఇంకొందరికి వాటిని కప్పి ఉంచే పైపొరలో క్యాన్సర్ వస్తుంది. పని మానేసిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు కూడా రావచ్చు. అందుకే ఈ రోగాన్నీ ఆ పనినీ ఎవరూ కలిపి చూడరు.

"నేను అప్పుడే చెప్తే ఈయన బతుకుతుండెనా మేడం?" అని అడిగాను.

"ఇది నేననుకున్నదే అయితే, అప్పుడైనా నయం చేయడం కష్టమే. కానీ నాలుగు నెలలు పనికిరాని మందులు మింగి కామెర్లు తెచ్చుకోకపోయేటోడు. ఆ నాలుగు నెలలు ఆయనవి" అంది. మళ్లీ తనే, "అందరికన్నా ముందు చూసేది నువ్వే. చూసింది చెప్పు. నువ్వు చెప్పింది తప్పయితే తప్పని నేను చెప్తా" అంది.

ఇన్నేళ్ల నౌకరీలో ఏ బాస్ దగ్గరా ఇంత పెద్ద అనుమతి నాకు దొరకలేదు. నా నోటి తాళం ఆ రోజు ఊడింది.

హైదరాబాద్‌లో పెద్దాసుపత్రిలో ఛాతీ పొర ముక్క తీసి పరీక్షించారు. మేడం అనుకున్నదే. మెసోథీలియోమా అన్నారు, ఆ పైపొరకు వచ్చే క్యాన్సర్. మందులతో కొంతకాలం అదుపులో ఉంచవచ్చు, అంతే.

ఒకే గదిలో నలుగురు

హైదరాబాద్ నుంచి వచ్చిన వారానికి రాజలింగం నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. భూలక్ష్మిని బయట కూర్చోబెట్టి లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఫొటో కోసం కాదన్నాడు.

"సార్, నాతోని ఇంకో ముగ్గురు ఉండిరి. ఒక్కటే రూమ్, ఒక్కటే పని. నాకైతే అయింది. వాళ్ల సంగతేంది?"

అతను పడుతున్న బాధలో ఆ ముగ్గురు గుర్తుకు రావడమే నాకు ఆశ్చర్యం. పేర్లు చెప్పాడు. ధర్మపురి సాయన్న, బీర్పూర్ నర్సయ్య, సారంగాపూర్ మల్లేశం. తిరిగొచ్చాక పెళ్లిళ్లకు కలిశారు, తర్వాత ఎవరి బతుకు వాళ్లది. ఫోన్ నంబర్లు లేవు. సుజాత మేడంకు చెబితే వెంటనే, "తీసుకురా. నేను చూస్తా" అంది. రాజలింగం తనూ వస్తానన్నాడు. నేను వద్దన్నాను. "మీరొక్కలే పోతే నమ్మరు సార్. మంచిగున్న మనిషిని దవాఖానకు రమ్మంటే ఎవడొస్తడు? నన్ను చూస్తే వస్తరు" అన్నాడు.  ఒక ఆదివారం ఆటో మాట్లాడుకొని బయలుదేరాం.

ధర్మపురిలో సాయన్న ఇల్లు దొరికింది, సాయన్న లేడు. పోయి మూడేళ్లయిందట. దమ్ముతో మంచం పట్టి, టీబీ అనుకుంటూనే పోయాడని అతని భార్య చెప్పింది. అతనికి అసలు ఏం జరిగిందో ఇప్పుడు ఎవరం చెప్పలేం. ఆమె పెట్టెలోంచి ఒక ఫొటో తీసి చూపించింది. ఇనుప మెట్ల మీద నలుగురు కుర్రవాళ్లు, జుట్టు, మీసాలు, కనురెప్పలు అన్నీ తెల్లగా, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. రాజలింగం చాలాసేపు చూసి, "గీ ఫొటో తీసిననాడు సాయన్నకు కొడుకు పుట్టిండని ఉత్తరం వచ్చింది" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది, ఏడ్చింది.

బీర్పూర్‌లో నర్సయ్య ఆటో నడుపుతున్నాడు. వాళ్లది తాళ్లెక్కే కుటుంబం, అతను మాత్రం గల్ఫ్ నుంచి వచ్చాక మళ్లీ చెట్టెక్కలేదు. గట్టిగా, గుండ్రంగా ఉన్నాడు. "నాకేమైంది? మంచిగనే ఉన్న" అన్నాడు. ఇక్కడే నా రెండో తప్పు జరిగింది. ఎట్లాగైనా కదిలించాలన్న ఆత్రంలో, వాకిట్లో అతని భార్య, కోడలు వింటుండగానే, "క్యాన్సర్ వచ్చే పని చేసిన్రు మీరు" అనేశాను. భార్య చేతిలో చాయ్ గ్లాసులు కింద పడ్డాయి. వచ్చిందని నేననలేదు, రావచ్చన్నాను. కానీ ఆ ఇంట్లో అందరికీ వచ్చిందనే వినబడింది. రెండు రోజులు పొయ్యి వెలిగించలేదట. పరీక్ష చేస్తే రెండు వైపులా పొర మీద మచ్చలున్నాయి, అంతకుమించి ఏమీ లేదు. మేడం నర్సయ్య భార్యను దగ్గర కూర్చోబెట్టుకొని, "ఇది క్యాన్సర్ కాదమ్మా. దుమ్ము తిన్న గుర్తు. ఏడాదికోసారి వస్తే చూసుకుంటాం" అని ఓపిగ్గా రెండుసార్లు చెప్పింది. ఆ మధ్యాహ్నం కారిడార్‌లో నిలబడి ఆ ఇల్లాలికి క్షమాపణ చెప్పాను. "మా మంచికే వస్తిరి గద సార్" అంది. ఆమె మంచితనం వల్ల నా తప్పు చిన్నదైపోదు. చెప్పాల్సింది చెప్పాలి. ఎవరికి, ఎక్కడ, ఎట్లా అన్నది చూసుకొని చెప్పాలి.

మల్లేశం బీడీ

సారంగాపూర్ మల్లేశం పొలం గట్టు మీద దొరికాడు. చెవి మీద బీడీ, నోట్లో ఇంకో బీడీ. రాజలింగాన్ని చూసి ముందు గుర్తుపట్టలేదు. పట్టాక బురద చేతులతోనే గట్టిగా పట్టుకున్నాడు.

"ఏందిరా గిట్లయినవ్? సగం మనిషివి లేవు!"

రాజలింగం గట్టు మీద కూర్చొని నెమ్మదిగా అంతా చెప్పాడు. మల్లేశం విని, చివరికి తల అడ్డంగా ఊపాడు.

"నేను రాను. లేనిది వెతుక్కుంటే దొరుకుతది. నాట్లు పడేటి టైమ్‌ల గీ లొల్లి నాకెందుకు?"

నేనేదో చెప్పబోతే రాజలింగం చెయ్యెత్తి ఆపాడు.

"మల్లేశం, నీకు యాదికున్నదా, నాకు జరమొచ్చిననాడు నా పని గూడ నువ్వే చేసినవ్. పది రోజులు. నా వంతు దుమ్ము గూడ నువ్వే పీల్చినవ్. నీకేమన్నయితే నేను పైకి పోయినంక గూడ నిమ్మళముండను. నాకోసం రా. ఒక్కసారి."

మల్లేశం బీడీ ఆర్పేశాడు. బురద కాళ్లతోనే ఆటో ఎక్కాడు.

అతని ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనిపించలేదు. నేనైతే సంతోషంగా ఇంటికి పంపించేవాణ్ణి. మేడం ఒప్పుకోలేదు. ఆస్బెస్టాస్ పీల్చినవాడు పొగ కూడా తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని, సీటీ తీయించాల్సిందేనని పట్టుబట్టింది. సీటీలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో శనగగింజంత గడ్డ బయటపడింది. ముక్క తీసి చూస్తే క్యాన్సరే. కానీ ఇంకా ఎక్కడికీ పాకలేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు.

రాజలింగం రాకపోతే మల్లేశం ఆటో ఎక్కేవాడు కాదు. మేడం పట్టుబట్టకపోయి ఉంటే సీటీ ఉండేది కాదు. ఈ మంచిలో నా వంతు చాలా చిన్నది, ఆటో మాట్లాడాను. అయినా చెబుతున్నాను, నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన పని అదే.

సిరిసిల్లలో రేకులు

అదే రోజుల్లో సిరిసిల్లలో మా తమ్ముడు శ్రీనివాస్ తన కార్ఖానా పైకప్పు మారుస్తున్నాడు. పాత సిమెంటు రేకులు తీసేసి ఇనుప రేకులు వేయిస్తున్నాడు. పండుగకు బట్టలు ఇవ్వడానికి వెళ్లిన నేను గేటు దగ్గరే ఆగిపోయాను. పైన ఇద్దరు సుత్తెలతో రేకులు పగలగొట్టి కింద పడేస్తున్నారు. ఒకడు కట్టర్ మిషనుతో కోస్తున్నాడు. కింద ఇద్దరు ఆడవాళ్లు పొడి చీపుర్లతో ఊడుస్తున్నారు. సాంచెల మీద తెల్లగా పేరుకుంది.

ఆ రేకుల్లో సిమెంటుతో కలిపి ఉండేది ఆ నారే. ఇప్పటికీ మన ఊళ్లలో అమ్ముతున్నారు, కప్పుతున్నారు. ఇన్నేళ్లు ఆ రేకుల కింద నిద్రపోయిన నాకు ఆ సంగతి రాజలింగం వచ్చేదాకా పట్టలేదు.

పని ఆపమన్నాను. తమ్ముడికి కోపమొచ్చింది.

"అన్నా, గీ రేకుల కిందనే మనం పుట్టి పెరిగినం. నాయిన ఎనబై ఏండ్లు బతికిండు. నువ్వు దవాఖానల ఉండి ఉండి అందరిని రోగులనే చూస్తున్నవ్."

అతను అన్నదాంట్లో కొంత నిజముంది. "రేకు మంచిగ ఉన్నంతసేపు దుమ్ము పెద్దగ రాదురా. పగలగొట్టినప్పుడు, కోసినప్పుడు, ఊడ్చినప్పుడే లేస్తది. నాయిన ఎన్నడన్న కట్టర్‌తోని కోసిండా?" అన్నాను.

మేస్త్రి మధ్యలో కల్పించుకొని, "రుమాలు కట్టుకున్నం గద సార్" అన్నాడు. రుమాలు ఆ పోగును ఆపలేదు. ఎంత చెప్పినా, నా నోటి నుంచి వస్తే అది పుస్తకంలో మాటలాగే ఉంది. మర్నాడు రాజలింగానికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. రమ్మనలేదు. భూలక్ష్మిని తోడు తీసుకొని తనే వచ్చాడు.

కార్ఖానాలో కుర్చీ వేశాం. పనివాళ్లు చుట్టూ చేరారు. రాజలింగం చొక్కా పైకెత్తి, నీరు తీయడానికి పక్కటెముకల మధ్య పొడిచిన మచ్చలు చూపించాడు.

"గీ దుమ్ము నేను ఆరేండ్లు తిన్న. తిన్ననాడు ఏం గాలె. పెండ్లయింది, పిల్లలైండ్రు, ముప్పయ్యేండ్లు మంచిగ ఎవుసం చేసిన. దుమ్మును మర్చిపోయిన. అది నన్ను మర్వలే." ఊపిరి అందక ఆగాడు.  "జర నీళ్లు చల్లుకొని చేసుకోండ్రి బిడ్డా. నాలుగు రోజులు ఎక్కువైతే ఏమైతది?" అని ఊడ్చే ఆడవాళ్లను చూస్తూ అన్నాడు.

మా తమ్ముడు తల దించుకొని బయటికి వెళ్లి, నీళ్ల పైపు పట్టుకొని వచ్చాడు. రేకులు తడిపారు. పగలగొట్టకుండా బోల్టులు విప్పి, తాళ్లతో దించారు. సుత్తె, కట్టర్ మూలకు పెట్టారు. మేడం చెప్పిన రకం మాస్కులు తెప్పించాం. పడిన ముక్కలను తడిపి, చేతులకు గ్లౌజులు వేసుకొని ఏరి మందపు ప్లాస్టిక్ సంచుల్లో కట్టారు. పని బట్టలు అక్కడే విప్పి, ఇంటి బట్టలతో కలపకుండా ఉతికారు. ఆ సంచులు ఎక్కడికి పంపాలో చాలామందికి తెలియలేదు. పది రోజులు తిరిగాక, ప్రమాదకరమైన చెత్త తీసుకుపోయేవాళ్ల బండి వచ్చి ఎత్తుకెళ్లింది. రెండు రోజుల పని వారం దాటింది. తర్వాత పక్క కార్ఖానా వాళ్లు రేకులు మార్చేటప్పుడు ఎట్లా చేయాలో వచ్చి మా తమ్ముణ్ణే అడిగారు. వాడు నేను చెప్పినదానికన్నా బాగా చెప్పాడు, అచ్చం వాడే కనిపెట్టినట్టు.

రాజలింగం నవ్వు

రాజలింగం ఇంకో మూడు నెలలు ఉన్నాడు. చివరి నెల మంచం మీదే. నొప్పికి మందులు సరిగా అందేట్టు మేడం చూసుకుంది. టీబీ మందులు వాడిన నెలల కన్నా ఈ నెలలే నయంగా ఉన్నాయని భూలక్ష్మి నాతో అంది. నొప్పి తగ్గించడం కూడా వైద్యమేనని అప్పుడు నాకు అర్థమైంది.

ఆ కంపెనీ నుంచి అతనికి ఏ న్యాయమూ జరగలేదు. ఆ పేరుతో ఇప్పుడు కంపెనీ లేదన్నారు. పని చేసిన కాగితాలు వానకు తడిసి ఎప్పుడో పాడయ్యాయి. దీని మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. దుమ్ములోకి పంపినవాడికి ఆ దుమ్ము సంగతి తెలుసు, దిగినవాడికి తెలియదు. పరాయి దేశం పోయే వాళ్లకు, ఇక్కడ రేకులు కోసేవాళ్లకు ఒకటే చెబుతాను. చేసిన పని ఏదో, ఎక్కడో, ఎన్నేళ్లో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. పాస్‌పోర్టు పారేయకండి.

మల్లేశం ఆపరేషన్ అయి వార్డులోకి వచ్చాడని తెలిసిన రోజు వానలోనే రాజలింగం ఇంటికి వెళ్లాను. కళ్లు మూసుకొని ఉన్నాడు. చెబితే తెరిచాడు.

"ఏమంటుండట వాడు?"

"నాట్లు ఎవలేస్తున్నరని అడుగుతుండట" అన్నాను.

నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, భూలక్ష్మి వీపు నిమిరింది. దగ్గు ఆగాక మళ్లీ నవ్వాడు. తొమ్మిది రోజుల తర్వాత, పొద్దున, ఇంట్లోనే పోయాడు. మా తమ్ముడు, సుజాత మేడం, నర్సయ్య అందరూ వచ్చారు. మల్లేశం రాలేని స్థితి. ఫోన్‌లోనే ఏడ్చాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

చొక్కా విప్పుకుంటూ ఉన్నప్పుడే అడగండి, ఏం పని చేశావని. ఇప్పటి పని సరిపోదు, పాత పని కూడా అడగండి. "కంపెనీల" అంటే ఆగకండి, చేతులతో ఏం చేశావని అడగండి. చీటీ మీద రాయండి. ఒక నిమిషం పడుతుంది. మీకు రోగం పేరు తెలియనక్కర్లేదు, చూసింది చూసినట్టు డాక్టరుకు చెబితే చాలు. మీరు తప్పయితే సిగ్గుపడతారు. ఒక పూట సిగ్గుతో ఎవరూ చచ్చిపోరు. ఎదుటివాళ్లను మాత్రం భయపెట్టకండి. మచ్చ ఉన్న ప్రతివాడికీ క్యాన్సర్ రాదు. బీడీ మానమని చెప్పడం మాత్రం మానకండి, ఎన్నిసార్లు నవ్వినా.

సుజాత మేడం వరంగల్ వైపు బదిలీ అయి వెళ్లింది. ఉగాదికి ఫోన్ చేస్తుంది. నర్సయ్య ఆటో నడుపుతూనే ఉన్నాడు, ఏటా పరీక్షకు భార్యే గుర్తుచేసి పంపుతుంది.

మల్లేశానికి ఆపరేషన్ అయి అయిదేళ్లు దాటాయి. మొన్న చైత్రంలో జగిత్యాలలో పరీక్షలు చేయించుకుంటే రోగం జాడ లేదన్నారు. ఆ సంతోషంలో, అన్నం తినకుండా పోవద్దని నన్ను సారంగాపూర్ రమ్మని పట్టుబట్టాడు. ఇద్దరం బస్టాండుకు వచ్చేసరికి బస్సు కదులుతోంది. నేను తర్వాతి బస్సుకు పోదామని చెప్పేలోపే మల్లేశం పంచె ఎగగట్టి పరుగు తీశాడు. కిటికీలోంచి తువ్వాల విసిరి రెండు సీట్లు పట్టాడు, డ్రైవరును కేకేసి బస్సు ఆపించాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడి నాకేసి చెయ్యి ఊపుతున్నాడు.

"ఉరుకుండ్రి సార్! ఏంది, గింతకే దమ్మొస్తున్నదా?"

అతనికి ఒక ఊపిరితిత్తిలో పెద్ద ముక్క లేదు. రెండూ నిండుగా ఉన్న నేను, ఎండలో, మోకాళ్లు పట్టుకొని నవ్వుతూ నిలబడ్డాను.